ల్యాబ్ పరీక్షలో మాన్యువల్ తెరవనివ్వండి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. కంప్యూటర్ తెరని ఫోన్‌తో తీసిన ఫొటో. కింద "అన్నా, ఎర్రర్ ఒచ్చింది, ఏం చెయ్యాలె?" అని ఒక్క ముక్క. పంపింది డిగ్రీ రెండో సంవత్సరం చదివే తమ్ముడు. నల్లగొండలో ఆదివారాలు నేను చెప్పే సీ ప్రోగ్రామింగ్ భాష క్లాసుకు వస్తాడు. ఫొటోలో ఒకే ఒక్క లైను కనిపిస్తోంది: "కలెక్ట్2: ఎర్రర్: ఎల్‌డీ రిటర్న్‌డ్ 1 ఎగ్జిట్ స్టేటస్."

ఆ లైనులో ఏమీ లేదు. పని కుదరలేదని చెప్పడమే అది. ఎందుకు కుదరలేదో దాని పై లైన్లలో ఉంటుంది, అవి ఫొటోలో పడలేదు. పైవి కూడా పంపమన్నాను. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌క్యూఆర్‌టీ" అని ఉంది. వర్గమూలం కట్టే ఫంక్షన్ వాడాడు, ముందే రాసిపెట్టిన లెక్కల ఫంక్షన్లుండే మ్యాథ్ లైబ్రరీని కలపలేదు. కమాండ్ చివర మైనస్ ఎల్ఎం అని పెడితే సరిపోతుంది. ఆ మాట చెప్పేస్తే నిమిషంలో అయిపోయేది. చెప్పకుండా "మాన్యువల్ చూడు" అన్నాను.

పది నిమిషాలకు జవాబొచ్చింది. "సూసిన అన్నా, మాన్యువల్ల ఈ ఎర్రర్ లేదు." ఈసారి పంపిన ఫొటో వాళ్ల కాలేజీ ల్యాబ్ మాన్యువల్‌ది. జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించిన పుస్తకం. ప్రోగ్రాం, దాని కింద అవుట్‌పుట్, మళ్లీ ప్రోగ్రాం, మళ్లీ అవుట్‌పుట్. ఏ పేజీలోనూ తప్పు జరగదు, ఏ ప్రోగ్రామూ ఆగిపోదు.

ఆ తమ్ముడి తప్పేమీ లేదు. అతనికి తెలిసిన మాన్యువల్ అదొక్కటే. తన కంప్యూటర్‌లోనే, రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చే కంపైలర్ పక్కనే, మ్యాన్ 3 ఎస్‌క్యూఆర్‌టీ (మ్యాన్ అంటే మాన్యువల్) అని కొడితే తెరుచుకునే పేజీ ఒకటుందనీ, లైబ్రరీ కలపాలన్న సంగతి ఆ పేజీలో పైభాగంలోనే రాసి ఉందనీ రెండేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఆ రోజంతా నన్ను తొలిచిన విషయం ఇదే. మన దగ్గర ప్రోగ్రామింగ్ నేర్పుతున్నాం గానీ వెతకడం నేర్పడం లేదు. పరీక్షలో మార్కులు లేనిది ఎవరూ నేర్పరు, ఎవరూ నేర్చుకోరు. కాబట్టి ల్యాబ్ పరీక్షలో అసలు మాన్యువల్‌ని తెరవనివ్వాలి. తెరవనివ్వడంతో ఆగకుండా, తెరిచి చదివితేనే జవాబు దొరికే ప్రశ్న కూడా ఒకటి ఇవ్వాలి.

మోటరు మీది ప్లేటు

మా నాన్నది దేవరకొండలో మోటర్ వైండింగ్ షాపు. ఎండాకాలం వస్తే బోరు మోటర్లు కాలిపోయి వరసగా వచ్చేవి. మోటరు షాపులో దిగగానే నాన్న చేసే మొదటి పని దాని ఒంటి మీదున్న నేమ్ ప్లేటును పాత గుడ్డతో తుడిచి చదవడం. హెచ్‌పీ ఎంత, వోల్టులెన్ని, ఆంపియర్లెన్ని, ఆర్‌పీఎం ఎంత. అన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాడు. కాలిన కాయిల్ కోసినప్పుడు స్లాట్లెన్ని, ఒక్కో స్లాటుకు టర్నులెన్ని, వైరు గేజ్ ఎంత అన్నది కూడా ఆ పక్కనే రాసేవాడు.

ఇరవై ఏళ్లు అదే పని చేసినా టర్నుల లెక్క నోటికి చెప్పగా నేను వినలేదు. అదే రకం మోటరు మళ్లీ వస్తే పుస్తకం తీసేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు "ఇన్ని కట్టినవు కదా, యాదికుండదా నాయినా?" అని అడిగాను. "యాదికుంటది బిడ్డా. గానీ ఒక్కటి తప్పితే మోటరు మల్ల కాలుతది, రైతు పంట ఎండుతది. పుస్తకం సూసుడు తప్పా?" అన్నాడు.

ఆ పుస్తకం తీసినందుకు నాన్నకు పని రాదని ఏ రైతూ అనుకోలేదు. తెలిసినవాడు కాబట్టే ఏ పేజీ తీయాలో తెలిసింది. నేను తర్వాత హైదరాబాద్‌లో చిప్‌లకు ప్రోగ్రాంలు రాసే ఎంబెడెడ్ కంపెనీలో చేరినప్పుడు చూసిందీ అదే. పదిహేనేళ్ల అనుభవం ఉన్న సీనియర్లు చిప్ డేటాషీటు, కంపైలర్ మాన్యువల్ తెరుచుకునే కూర్చునేవాళ్లు. కొత్తగా చేరిన మేమే సిగ్గుపడి, తెలిసినట్టు నటిస్తూ, రాత్రిపూట దొంగతనంగా వెతుక్కునేవాళ్లం. చూడడం అంటే కాపీ కొట్టడం అన్న భావం మాకు కాలేజీలో అంత గట్టిగా పడిపోయింది.

నీలం తెర వెనకున్న పుస్తకం

మా కాలంలో ల్యాబ్ అంటే నీలం తెర మీద నడిచే పాత సీ కంపైలర్ టర్బో సీ. ఇప్పటికీ మన వైపు కొన్ని చోట్ల పాత డాస్ ప్రోగ్రాంలను నడిపే డాస్‌బాక్స్‌లో దాన్నే నడిపిస్తున్నారు. దాన్ని తిట్టే వ్యాసాలు చాలా వచ్చాయి కాబట్టి నేను తిట్టబోవడం లేదు. నాకు అది చేసిన ఒక మేలు చెప్పాలి.

మా ల్యాబ్‌లో నెట్ లేదు. ఒకరోజు పొరపాటున ఏవో కీలు నొక్కితే తెర మీద పెట్టె తెరుచుకుంది. కర్సరు ప్రింట్ఎఫ్ (తెర మీద రాయించే ఫంక్షన్) మీద ఉంది, పెట్టెలో ప్రింట్ఎఫ్ గురించి ఉంది. కంట్రోల్, ఎఫ్1 కలిపి నొక్కితే కర్సరు కింద ఉన్న పదం గురించి సాయం వస్తుందని అలా తెలిసింది. ఆ ఏడాదంతా నాకదే గురువు. స్ట్రింగ్ ఫంక్షన్లన్నీ ఒక్కొక్కటిగా ఆ పెట్టెలోనే చదివాను. మా బ్యాచ్‌లో ఆ కీలు తెలిసినవాళ్లు నలుగురు కూడా లేరు.

అంటే పుస్తకం లేక కాదు. 1971 నవంబరు 3 తేదీతో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తాము తయారుచేసిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టానికి మొదటి మాన్యువల్ తెచ్చినప్పటి నుంచి ఈ రంగంలో పనిముట్టు, దాని పుస్తకం జంటగా నడుస్తూ వచ్చాయి. ఆ మొదటి మాన్యువల్‌లోనే కమాండ్ల కింద "బగ్స్" అనే భాగం పెట్టారు. ఇందులో ఈ లోపం ఉంది అని తయారుచేసినవాళ్లే రాసి పెట్టడం! ఆ నిజాయితీ నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. మన ల్యాబ్ మాన్యువళ్లలో అలాంటి ఒక్క వాక్యం వెతికినా దొరకదు.

గెట్స్ అనే ఫంక్షన్ సంగతి తీసుకోండి. ఒక లైను ఇన్‌పుట్ చదవడానికి మన జిరాక్స్ పుస్తకాల్లో ఇప్పటికీ అదే ఉంటుంది. లైనుక్స్‌లో దాని మ్యాన్ పేజీ తీస్తే వివరణ మొదలయ్యేదే "నెవర్ యూజ్ దిస్ ఫంక్షన్" అని. ఎంత పొడుగు లైను వస్తుందో అది చూసుకోదు, ఇచ్చిన జాగా దాటి రాసేస్తుంది. అందుకే 2011 నాటి సీ ప్రమాణంలో దాన్ని తీసేశారు, దానికి ముందస్తు ప్రకటన లేకుండా పోయింది. మా క్లాసులో ఇద్దరు అదే ప్రోగ్రాం రెండు ల్యాప్‌టాప్‌లలో కొట్టారు. ఒకరికి వార్నింగ్‌తో నడిచింది, ఒకరికి ఎర్రర్‌తో ఆగింది. ఇద్దరూ ఒకే జిరాక్స్ చూసి అక్షరం పొల్లుపోకుండా కొట్టారు కాబట్టి కంప్యూటర్ పాడైందనుకున్నారు. రెండిటిలోనూ ఉన్న కంపైలర్ జీసీసీ, దాని వెర్షన్ చూపించమన్నాను. ఒకటి 11, ఇంకోటి 14. ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలిస్తే అంతకు ముందు వార్నింగ్‌తో వదిలేసే జీసీసీ, 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి ఎర్రర్ అంటుంది. ఎవరో ఎక్కడో రాసిన జవాబు వాళ్ల కంపైలర్ గురించి. నీ కంప్యూటర్‌లో ఉన్న కంపైలర్ గురించి కచ్చితంగా చెప్పేది దానితో పాటు వచ్చిన మాన్యువలే.

మాట్లాడుతున్నది ఎవరు?

రిఫరెన్స్ చదవడంలో అసలు కష్టం చదవడం దగ్గర లేదని నా అనుభవం. ఏ పుస్తకం తీయాలో తేల్చుకోవడం దగ్గరుంది. పిల్లలకు తెర మీద ఎర్రగా కనిపించేదంతా "ఎర్రర్" ఒక్కటే. అది కంపైలర్ అన్న మాటా, ప్రోగ్రాంకు లైబ్రరీలను కలిపే లింకర్ అన్న మాటా, కంపైల్ పనులను వరసగా చేయించే మేక్ అన్న మాటా, ఆపరేటింగ్ సిస్టం అన్న మాటా అన్న తేడా వాళ్లకు తెలియదు.

మొదట చెప్పిన తమ్ముడి కేసులోనే ఒక మెలిక ఉంది. "నిన్న ఇదే ప్రోగ్రాం నడిసిందన్నా, ఇయ్యాల నడుస్తలేదు" అన్నాడు. అబద్ధం కాదు. నిన్న ఎస్‌క్యూఆర్‌టీ లోపల 16 అని నేరుగా రాశాడు. ఇవాళ కీబోర్డు నుంచి ఇన్‌పుట్ చదివే స్కాన్ఎఫ్‌తో అంకె తీసుకున్నాడు. అంకె ముందే తెలిస్తే జీసీసీ తనే లెక్కకట్టి 4 అని పెట్టేస్తుంది, ఇక లైబ్రరీలోని ఫంక్షన్‌తో పనే పడదు. తెలియకపోతే ఫంక్షన్‌ను పిలవాల్సిందే, అప్పుడు లింకర్ దాన్ని వెతుకుతుంది, దొరకదు. కంపైలర్ ఒకరు, లింకర్ ఇంకొకరు అని ఆ పిల్లలకు నేను బోర్డు మీద నాలుగుసార్లు గీసి చూపించాను. ఎక్కలేదు. ఈ ఒక్క ఉదాహరణతో ఎక్కింది.

ఇంకో అమ్మాయి పీడీఎఫ్ నుంచి మేక్‌కు సూచనలుండే మేక్‌ఫైల్ కాపీ చేసుకుంది. "మిస్సింగ్ సెపరేటర్" అని ఆగింది. సీ పుస్తకమంతా తిరగేసింది, దొరకలేదు. ఎలా దొరుకుతుంది? ఆ మాటన్నది మేక్. కమాండ్ లైను ముందు ట్యాబ్ ఉండాలి, కాపీలో అది మామూలు ఖాళీలుగా మారింది. అలాగే "సెగ్మెంటేషన్ ఫాల్ట్" కోసం కంపైలర్ మాన్యువల్‌లో వెతికినా లాభం ఉండదు. కంపైలర్ తన పని చేసి వెళ్లిపోయాక, నడుస్తున్న ప్రోగ్రాం తనది కాని జాగాను ముట్టుకుంటే ఆపరేటింగ్ సిస్టం ఆపేసిన సంగతి అది. అప్పుడు కావలసింది మైనస్ జీ ఆప్షన్ పెట్టి మళ్లీ కంపైల్ చేసి, తప్పు వెతికే ప్రోగ్రాం జీడీబీలో నడపడం. జీడీబీ లోపల హెల్ప్ అని కొడితే దాని పుస్తకం దానిలోనే ఉంది.

మ్యాన్ పేజీలలోనే ఒక తిరకాసు ఉంది, ఇది చెప్పకుండా పిల్లలకు "మ్యాన్ కొట్టు" అనడం అన్యాయం. మ్యాన్ ప్రింట్ఎఫ్ అని కొడితే వచ్చేది సీ ఫంక్షన్ గురించి కాదు, టెర్మినల్‌లో వాడే ప్రింట్ఎఫ్ కమాండ్ గురించి. ఒకటో భాగంలో కమాండ్లు, రెండులో సిస్టం కాల్స్, మూడులో లైబ్రరీ ఫంక్షన్లు. మ్యాన్ 3 ప్రింట్ఎఫ్ అంటేనే మనకు కావలసింది వస్తుంది. కొన్ని ల్యాబ్‌లలో అదీ రాదు. ఉబుంటు లైనుక్స్‌లో ఆ రెండో, మూడో భాగాలు మ్యాన్‌పేజెస్-డెవ్ అనే ప్యాకేజీలో ఉంటాయి, అది వేయకపోతే ఆ పేజీ లేదంటుంది. కొద్దిపాటి పని, ల్యాబ్ అసిస్టెంట్ ఒక్క పూటలో అన్ని కంప్యూటర్లలో వేసేయగలడు. విండోస్ ఉన్న చోట సీ ఫంక్షన్ల వివరాలుండే సీపీపీరిఫరెన్స్ వెబ్‌సైటు ఆఫ్‌లైన్ కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకెళ్తే చాలు, నెట్ అక్కర్లేదు.

ఇంగ్లీషు గోడ

ఇక్కడ నాకు నిజమైన సందేహం ఉంది. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక చెల్లె పదో తరగతి దాకా తెలుగు మీడియం. స్కాన్ఎఫ్ పేజీలో రిటర్న్ వాల్యూ భాగం చదివి రమ్మన్నాను. వచ్చే ఆదివారం చదివే వచ్చింది. తీసుకోగలిగిన అంకెలెన్నో స్కాన్ఎఫ్ తిరిగి చెప్తుందని, అంకె అడిగినచోట అక్షరం కొడితే సున్నా వస్తుందని, తన ప్రోగ్రాం ఆగకుండా తిరుగుతూ ఉండడానికి కారణం అదేనని తనే కనిపెట్టింది. నాకు చాలా సంతోషం అనిపించింది. ఆమె మాత్రం, "అన్నా, ఒక్క పేజీకి గంటన్నర పట్టింది. మిగిలినోళ్లు ఆ టైంల మూడు ప్రోగ్రాంలు చేసిన్రు" అంది.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. జీసీసీ సందేశాలు జర్మన్, ఫ్రెంచ్, జపనీస్, వియత్నామీస్ లాంటి భాషల్లోకి అనువాదమయ్యాయి. తెలుగులో కూడా ఉంటే ఈ కష్టం తీరుతుందని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అంత నమ్మకం లేదు. "రిఫరెన్స్" బదులు "నిర్దేశం" అని రాస్తే ఆమెకు ఏం తెలుస్తుంది? పైగా సందేశం తెలుగులో వస్తే దాన్ని పట్టుకుని మాన్యువల్‌లో వెతకడం ఇంకా కష్టం. ఇంకో సంగతి కూడా చూశాను. ఇంగ్లీషు మీడియం పిల్లలకూ "ఎల్‌వాల్యూ రిక్వైర్డ్ యాజ్ లెఫ్ట్ ఆపరాండ్" అంటే అర్థం కాదు. అది వాళ్లు చదివిన ఇంగ్లీషు కాదు, పనివాళ్ల భాష. వైండింగ్ షాపులో పిచ్, స్లాట్, టర్ను అన్నట్టు. మా నాన్న ఏడో తరగతి వరకే చదివినా ఆ మాటలన్నీ ఆయనవే అయ్యాయి.

అందుకే మేం అనువాదం వదిలేసి నోటుబుక్కు పెట్టాం. సందేశాల్లో మళ్లీ మళ్లీ వచ్చే మాటలు రాసుకోవడం, పక్కన మనకు అర్థమయ్యేలా తెలుగులో వివరం. డిక్లరేషన్ అంటే ఇలాంటి మనిషి ఒకరున్నారని ముందే చెప్పి పెట్టడం. డెఫినిషన్ అంటే ఆ మనిషే వచ్చి నిలబడడం. అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటే పేరు పెట్టి పిలిస్తే ఎవరూ పలకలేదు. ఎల్‌వాల్యూ అంటే పోయడానికి గిన్నె, 5 అనేది గిన్నె కాదు కాబట్టి దానిలో ఏమీ పోయలేం. ఈ గిన్నె మాట ఆ మర్రిగూడ చెల్లెదే. అరవై మాటల దాకా రాశాక కొత్తవి రావడం బాగా తగ్గిపోయింది. వెయ్యి పేజీలు దాటిన జీసీసీ మాన్యువల్ చూసి భయపడిన పిల్లలకు, తెరిచిన పేజీలో సగం మాటలు తమ నోటుబుక్కులో ఉన్నవే అనిపించడం చిన్న విషయం కాదు.

ఫోన్‌లో అడిగితే చెప్తుంది కదా

నిజమే, చెప్తుంది. ఎర్రర్ పెట్టి ఏఐని అడిగితే మైనస్ ఎల్ఎం పెట్టమని చాలాసార్లు సరిగ్గానే చెప్తుంది. తెలుగులో అడిగితే తెలుగులో చెప్తుంది. ఆ చెల్లెకు గంటన్నర పట్టిన పేజీని రెండు నిమిషాల్లో వివరించగలదు. అలాంటప్పుడు మాన్యువల్ చదవమని పట్టుబట్టడం నా మొండితనమేమో అని చాలా రోజులు ఆలోచించాను.

నా మనసు మార్చింది రెండు సంఘటనలు. ఒక తమ్ముడికి ఏఐ మైనస్ ఎల్ఎం చెప్పింది, పెట్టాడు, నడిచింది. మూడు వారాలకు ఘాతం (పవర్) లెక్కకట్టే ఫంక్షన్‌తో అచ్చం అదే సందేశం వచ్చింది. గుర్తుపట్టలేదు, మళ్లీ మొదటి నుంచి అడిగాడు. ఇంకో తమ్ముడికి వార్నింగ్‌లన్నీ చూపించే ఆప్షన్ కావాల్సి వచ్చింది. ఏఐ ఒక ఆప్షన్ పేరు ధైర్యంగా చెప్పింది. అలాంటి ఆప్షనే లేదని జీసీసీ అంది. రెండిట్లో ఎవరిది నిజమో తేల్చుకోలేక నా దగ్గరికొచ్చాడు. మాన్యువల్‌లో వార్నింగ్‌ల భాగం తీశాం. పేరులో "ఆల్" ఉన్నా మైనస్ డబ్ల్యూ ఆల్ అన్ని వార్నింగ్‌లనూ ఇవ్వదని అక్కడే రాసి ఉంది. దాని పక్కన డబ్ల్యూ ఎక్స్‌ట్రా పెట్టాక అతని ప్రోగ్రాంలో ఇంకో నాలుగు తప్పులు బయటపడ్డాయి.

అందుకని ఏఐ వద్దని నేను అనడం లేదు. పేజీ తెరిచి, అర్థంకాని పేరా దానికిచ్చి వివరించమని అడగమంటున్నాను. చెప్పింది నిజమో కాదో చూసుకోవడానికి చివరికి ఎక్కడికి వెళ్లాలో తెలిసి ఉండాలి. ఆ చోటు తెలియని పిల్లలకు ఏఐ మాటా, జిరాక్స్ పుస్తకం మాటా ఒకటే, రెండిటినీ నమ్మడం తప్ప వేరే దారి లేదు.

చూసి రాస్తే పరీక్ష అవుతుందా?

ఇవన్నీ ఒక కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జి సార్‌కు చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "చూసి రాసేటట్టయితే అది పరీక్ష ఎట్లయితది?" అన్నారు. ఆయన బాధ కూడా నిజమైనదే. ముప్పై మంది, మూడు గంటలు, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్. ఒక్కో విద్యార్థి ఏ పేజీ తెరిచాడో ఎవరు చూడాలి? మ్యాన్ పేజీ పేరుతో ఇంకేదో తెరిస్తే?

నేనొకటే అడిగాను. మెకానికల్ పిల్లలకు స్టీమ్ టేబుల్స్ పరీక్ష హాల్లోకి ఇస్తారు. సివిల్ వాళ్లకు కాంక్రీటు డిజైన్ పరీక్షలో ఐఎస్ 456 కోడ్ అనే నియమాల పుస్తకం చేతిలో ఉంటుంది. ఆ కోడ్ చూసినంత మాత్రాన బీమ్ డిజైన్ రానివాడికి వచ్చేస్తుందా? రాదు. మరి సీ పిల్లలు మాత్రం ప్రింట్ఎఫ్ ఫార్మాట్లన్నీ బట్టీ పట్టాలని ఎందుకు? ఇప్పుడు జరిగే పరీక్షలో నిజంగా కొలుస్తున్నది ఏమిటి? స్లిప్పు మీద వచ్చిన పదకొండో ప్రోగ్రాంని జిరాక్స్ నుంచి ఎంత బాగా గుర్తుపెట్టుకున్నారన్నదే కదా. ఒక సెమీకోలన్ తప్పి ఎర్రర్ వస్తే ఆ సందేశం చదవకుండా మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి కొట్టిన పిల్లలను నేను కళ్లారా చూశాను. ఏడుపొక్కటే తక్కువ.

సార్ యూనివర్సిటీ పరీక్షలో కుదరదన్నారు, అది ఆయన చేతిలో లేదు. ఇంటర్నల్‌లో ఒక బ్యాచ్‌కు, ఐదు మార్కులకు ఒక్క ప్రశ్న ఇచ్చి చూద్దామన్నారు. ప్రశ్న నన్నే రాయమన్నారు. నడవని ఒక ప్రోగ్రాం, అది ఇచ్చిన సందేశం మొత్తం. ఈ మాట అన్నది ఎవరు, జవాబు ఏ పేజీలో ఏ భాగంలో ఉంది, ఏం మారుస్తావు? తెరవొచ్చు.

పోయిన గురువారం జరిగింది. సగం మంది పేజీ తెరవనే లేదు, తెరవొచ్చన్న మాట నమ్మలేదట. "నిజంగనే తెరవొచ్చా సార్?" అని ముగ్గురు లేచి అడిగారు. పేపర్లు దిద్దేటప్పుడు నేనూ పక్కన కూర్చున్నాను. ఒక అబ్బాయి మార్పు సరిగ్గా చేశాడు గానీ పేజీ పేరు దగ్గర ప్రింట్ఎఫ్ 3 బదులు ప్రింట్ఎఫ్ 1 అని రాశాడు. సార్ ఒక మార్కు తీశారు. ఆ అబ్బాయి మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌కు వచ్చాడు. ఒకటో భాగంలోని పేజీ కింద "సీ ఆల్సో" దగ్గర మూడో భాగం పేరు ఉందని, తాను అక్కడి నుంచే వెళ్లానని, కాబట్టి తీసిన మార్కు తిరిగి ఇవ్వాలని వాదించాడు. సార్ తన కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి, చివరిదాకా కిందికి జరిపి చూస్తున్నారు.